ఎవరో పంపిన టికెట్టు

స్వీకరించు, అంటోంది. ఆకుపచ్చ గడి, అందులో తెల్లటి అక్షరాలు, సరిగ్గా నా బొటనవేలికే కొలత తీసి చేసినట్టుంది. నాకు అక్కడే అనుమానం. ఇన్నేళ్ళ తాళాల పనిలో నాకు తెలిసిందేమిటంటే, తాళంచెవి మరీ మెత్తగా తిరిగిందంటే సంతోషించాల్సిన పని లేదు. లోపల అరిగిపోయైనా ఉండాలి, మనకంటే ముందు ఎవడో వేలు పెట్టైనా ఉండాలి. మీకు ఒక టికెట్టు వచ్చింది, మీ ఆత్మీయులు ఒకరు పంపారు, ఆట మొదలయ్యేలోపు స్వీకరించకపోతే రద్దవుతుంది, ఈ సందేశానికి జవాబు ఇవ్వవద్దు. ఆత్మీయులట! ఆత్మీయులైతే పేరు చెప్పుకోవడానికి సిగ్గెందుకు? జవాబు ఇవ్వొద్దని ఆత్మీయులు ఎక్కడైనా అంటారా? వైసు దవడల మధ్య బిగించిన ఇత్తడి తాళంచెవి సగం పళ్ళతో నా వంక చూస్తోంది, ఆకురాయి ఒళ్ళో ఉంది, ఫోను అద్దం మీద ఇత్తడి పొడి పడింది, ఊదుదామంటే భయం, ఊపిరి తగిలి ఆ గడి తనంతట తనే నొక్కుకుంటుందేమో, ఈ రోజుల్లో దేన్నీ నమ్మడానికి లేదు. మెసేజీ పొద్దుననగా వచ్చి పడి ఉంది, నేనేమో ఇప్పుడు చూశాను. ఆటకు ఇంకో గంట కూడా లేదు.

పంపింది అన్నయ్య అయినా అయ్యుండాలి, దొంగ అయినా అయ్యుండాలి. మధ్యలో మూడో మనిషి లేడు; నాకు ఫుట్‌బాల్ టికెట్టు కొనిపెట్టేంత ప్రేమ కారిపోతున్నవాళ్ళు ఈ ఊళ్ళో ఎవరూ లేరు. అన్నయ్య నాతో మాట్లాడి ఏళ్ళయింది. ఒకే ఊళ్ళో ఉంటాం, తన కొట్టున్న వీధి ఎదురైతే నేను చుట్టూ తిరిగి పోతాను, తనూ ఇటు రాడు. తన నంబరు నా ఫోన్లోంచి తీసేసింది నేనే, వదిన నంబరు కూడా. నొక్కకుండా వదిలేసి, పంపింది నిజంగా అన్నయ్యే అయితే? తను అక్కడ నా ఖాళీ సీటు పక్కన కూర్చుని ఆటంతా చూస్తాడు, దీనికి ఇంకా బుద్ధి రాలేదు అనుకుంటాడు, లేచి ఇంటికి పోతాడు, ఇక జన్మలో చెయ్యి చాపడు. మా మనుషులు రెండోసారి చెయ్యి చాపేవాళ్ళు కారు, నాకు తెలియదా, నేనూ ఆ ఇంట్లో పుట్టినదాన్నే కదా. నొక్కేస్తే, పంపింది దొంగ అయితే? అప్పుడు వాడు నా ఫోన్లో దూరి, బ్యాంకులో దూరి, చివరికి నా పేరుతో ఇంకెవరికో ఆత్మీయుడైపోతాడు. మరి దొంగ అనుకుని మూసి పక్కన పెట్టొచ్చు కదా అంటే, సీటు చూసి ఆగిపోయాను. తూర్పు వైపు, ఆఖరి వరస.

ఆఖరి వరస మా నాన్న పిచ్చి. స్టేడియం అంతటికీ ఆఖరి వరసే కావాలని అడిగి కొనుక్కునే మనిషి ఆయన ఒక్కడే. వెనక గోడ తప్ప ఇంకేమీ ఉండకూడదు. "వెనకున్నవాడు ఎవడో తెలీకుండా అంతసేపు ఎలా కూర్చుంటారర్రా జనం?" అని ఆశ్చర్యపోయేవాడు. ఆ రోజుల్లో కౌంటరంటే గోడలో ఒక కన్నం. లోపలి మనిషి మొహం కనపడదు, చెయ్యి కనపడుతుంది, బొటనవేలికి సిరా మరక, అయినా అది మనిషి చెయ్యి, దాని వెనక ఒక మనిషి ఉన్నాడన్న ధైర్యం ఉండేది, గొడవ పడాలంటే పడొచ్చు. నాన్న టికెట్లు తీసుకుని పక్కకు కూడా జరక్కుండా ఒక్కోదాన్నీ వెలుతురుకెత్తి చూసేవాడు, అప్పుడే ఆ కన్నంలోంచి తీసుకున్నవాటిని! వెనకాల క్యూ అంతా తిట్లు. అన్నయ్య సిగ్గుతో నేల చూపులు చూసేవాడు. నేను మాత్రం నాన్న పక్కనే నిలబడి తలెత్తి చూసేదాన్ని, ఏం చూడాలో తెలియకపోయినా. కొన్ని ఇళ్ళల్లో అందరికీ ఒకే ముక్కు వస్తుంది, మా ఇంట్లో అనుమానం వచ్చింది. కాగితం టికెట్లేం సత్యహరిశ్చంద్రుడి వంశం కాదులే, వాటిల్లోనూ దొంగవి ఉండేవి, గేటు బయట గుసగుసగా అమ్మేవాళ్ళుండేవాళ్ళు, కానీ ఆ అమ్మేవాడి మొహం చూస్తే వాడి సంగతి సగం తెలిసిపోయేది. ఈ ఆకుపచ్చ గడికి మొహమేది?

యజమాని ఎదురుగా నిలబడనిదే తాళం ముట్టుకోకూడదు. ఇది నాన్న మాకు అక్షరాలకంటే ముందు నేర్పిన పాఠం. తలుపు అవతలి గొంతును నమ్మకు, చీటీని నమ్మకు, ఫలానావాళ్ళు పంపారన్న మాటను అసలే నమ్మకు, మనిషి ఎదురుగా ఉండాలి. ఒకసారి ఇస్త్రీ మడత నలగని పెద్దమనిషి ఒకాయన వచ్చాడు, తాళంచెవి పోయింది, ఇల్లు తెరిచిపెట్టండి అన్నాడు, కళ్ళల్లో నీళ్ళు కూడా పెట్టుకున్నాడు. నాన్న పనిముట్ల సంచీ భుజాన వేసుకుని వెళ్ళి, ఆ గుమ్మం ముందు మెట్టు మీద కూర్చుని, "పక్కింటివాళ్ళెవరైనా వచ్చి మీరు మీరేనని చెప్పేదాకా కూర్చుందామండీ, తొందరేముంది" అన్నాడు. ఇప్పుడే వస్తానని వెళ్ళిన ఆ పెద్దమనిషి ఇప్పటిదాకా రాలేదు. నేనూ అన్నయ్యా ఆ మెట్టు మీద నాన్నకు అటూ ఇటూ కూర్చుని నవ్వీ నవ్వీ చచ్చాం. అన్నయ్యకు ఈ పాఠం తెలియదా? తెలిసి నాకు ఇలాంటి పేరు లేని మెసేజీ పంపుతాడా? అంటే దొంగే. కాదు, అన్నయ్య కాబట్టే పేరు పెట్టలేదేమో, పేరు చూస్తే నేను చదవకుండా తీసిపారేస్తానని. చూశారా, ఎటు తిప్పినా తిరుగుతోంది, ఇలాంటి తాళమే నాకు భయం.

"నొక్కవే, చూస్తూ కూర్చుంటే పిల్లలు పెడుతుందా ఏమిటి?" అంది జిరాక్సు పిన్ని. పిన్ని అంటే చుట్టమేమీ కాదు, పక్క కొట్టులో జిరాక్సు మిషను ఆవిడది, అన్నయ్య ఇక్కణ్ణుంచి వెళ్ళిపోయాక వచ్చింది, తన మొహం ఎరగదు, వీధి వీధంతటికీ పిన్నే. మిషను అద్దం తుడిచే గుడ్డ చేత పట్టుకునే వచ్చి నా భుజం మీంచి తొంగి చూస్తోంది. నేను ఫోను బోర్లా పెట్టాను. నొక్కమన్నది కదా, అంతలోనే గొంతు తగ్గించి, "అయినా వద్దులే" అంది, "నాకైన శాస్తి చాలు." పిన్నికైన శాస్తి వీధంతా విన్నదే, అయినా ఆవిడ చెప్పేటప్పుడు కొత్తగానే ఉంటుంది. ఫోన్లో ఎవరి దగ్గరో టికెట్టు కొంది, వాడు రాలేకపోతున్నాడట పాపం, జ్వరమట. ఈవిడ కొత్త చీర కట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళింది. "ఎర్ర దీపం వెలిగిందే! నా ముందు అందరికీ ఆకుపచ్చ, నాకు ఎర్ర. ఆ మిషను ఒక్క మాటనలేదు, కుయ్యిమంది, అంతే. వెనకాలున్నవాళ్ళందరూ నన్నే చూస్తున్నారు, నేనేదో కొట్టేసుకొచ్చినట్టు. నా సీట్లో అప్పటికే ఇంకెవడో కూర్చున్నాడట, ఇక్కడ గేట్లో నా వెనక ఇంకో ఇద్దరు అదే సీటుకు దెబ్బలాడుతున్నారు. జ్వరంగాడు ఎంతమందికి అంటించాడో!" నాకు నవ్వొచ్చింది, పిన్నికీ వచ్చింది, కానీ ఆవిడ ఇప్పటికీ స్టేడియం వైపు వెళ్ళదు. డబ్బు పోయిందని కాదు, ఆ చూపులు. దొంగ కానివాడికి దొంగ చూపులు తగిలితే అంత తేలిగ్గా మానవు.

అసలు పిన్నికి టికెట్ల మీద వేరే కోపం కూడా ఉంది. మొదట్లో జనం ఫోన్లో కొనుక్కుని, నమ్మకం చాలక, పిన్ని దగ్గరికొచ్చి కాగితం మీద అచ్చు వేయించుకునేవాళ్ళు. చేతిలో కాగితం ఉంటేనే కొన్నట్టు. మడతపెట్టి జేబులో పెట్టుకుని, రెండడుగులు వేసి మళ్ళీ జేబు తడుముకునేవాళ్ళు. ఒక మహానుభావుడైతే ఒకే టికెట్టుకు కాపీలు తీయమన్నాడు, ఇంటిల్లిపాదీ వెళ్తారట. ఇప్పుడు కాగితం చెల్లదు, ఫోటో తీసి దాచుకున్నదీ చెల్లదు, ఆ నలుపు తెలుపు చుక్కల బొమ్మ క్షణక్షణం మారిపోతుంటుందట, ఫోన్లోనే చూపించాలట. "పైగా సౌకర్యానికి రుసుమట!" అంటుంది పిన్ని. "నా కుర్చీలో నేను కూర్చుని, నా వేలితో నేను నొక్కుకుంటే, అందులో వాడు చేసిపెట్టిన సౌకర్యమేమిటే?" మా ఆయన మాత్రం ఇవేవీ పట్టించుకోడు. బేకరీలో పొయ్యి దగ్గర పని, చేతులకెప్పుడూ పిండి, మోచేత్తోనో ముక్కుతోనో ఏదడిగినా సరే నొక్కేస్తాడు. మీ ఫోటోలు చూడవచ్చునా, సరే. మీరెక్కడున్నారో తెలుసుకోవచ్చునా, సరే. నన్ను చేసుకుంటావా అని మావాళ్ళు అడిగినప్పుడు కూడా ఇలాగే అనుంటాడు. ఏ దొంగా ఆయన జోలికి రాడు, అదేం చిత్రమో, అన్ని గొళ్ళేలూ వేసుకుని కూర్చున్న నా దగ్గరికే అందరూ వస్తారు.

గొళ్ళేలు వేసుకున్నానా నేను? అన్నయ్య అదే అన్నాడు చివరిసారి. నాన్న పోయాక కొట్టు ఇద్దరిదీ. ఒకే బల్ల, చెరో పక్క, మధ్యలో వైసు. కానీ అప్పటికే తను మారిపోయాడు. సన్నపని ఏదొచ్చినా నా వైపు తోసేవాడు. "నీ చెయ్యి బాగుంటుందే, నువ్వు చెయ్యి" అనేవాడు. పొగిడితే నేను పడిపోయేదాన్ని కాదు, బద్ధకం అనుకున్నాను, తర్వాత పొగరు అనుకున్నాను. గిరాకీతో మాటలాడటం, బయట తిరగటం, జేబుల్లో చేతులు పెట్టుకుని దొరలా గుమ్మంలో నిలబడటం, ఇవీ తన పనులు. ఒకరోజు స్ప్రింగులన్నీ కిందపోసేసి, తీయకుండా వాటివంక చూస్తూ నిలబడ్డాడు. నేను వంగి ఏరుకున్నాను, తను సాయం కూడా పట్టలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళకు చెప్పాడు, అంకెలు నొక్కితే తెరుచుకునే తాళాలు, వేలిముద్ర పెడితే తెరుచుకునే తాళాలు, వాటి ఏజెన్సీ తీసుకున్నానని. "తాళంచెవుల కాలం అయిపోయిందే. నువ్వూ నాతో వచ్చెయ్" అన్నాడు. "నీ దగ్గర కూలికా?" అన్నాను. "నాన్న బతికుంటే నీ మొహాన ఉమ్మేసేవాడు" అని కూడా అన్నాను. ఆ మాట దగ్గర తను ఏదో చెప్పబోయాడు. నోరు తెరిచాడు, నాకు గుర్తుంది, మళ్ళీ మూసుకున్నాడు. "నీకన్నీ అనుమానాలే. నీకు నువ్వే గొళ్ళెం వేసుకున్నావే, నేనేం చెప్పినా లోపలికి రాదు" అని వెళ్ళిపోయాడు, అప్పుడు కూడా చేతులు జేబుల్లోనే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని అనుకున్నాను. కొట్టు నాకొదిలేసి పోయాడని పిన్ని అంటుంది, అది కూడా ఒక ఎత్తేనని నేనంటాను. ముసలి ఆవును దానమిచ్చినవాడు పుణ్యాత్ముడా?

వైసు మర తిప్పి చెవి విడిపించాను, మిగతా పళ్ళు రేపు కోస్తాను. గడి ఆకుపచ్చగా అలాగే ఉంది. నాన్న ఏం చేసేవాడు? పనిముట్ల సంచీ తీసుకుని వెళ్ళి మెట్టు మీద కూర్చునేవాడు. అంతే కదా! ఇందులో ఇంత ఆలోచించడానికేముంది? పంపినవాడు ఎవడైనా ఆటకు వచ్చే ఉంటాడు, టికెట్టు పంపి ఇంట్లో కూర్చునే ఆత్మీయుడు ఉండడు. గేటు దగ్గరికి వెళ్తాను. అన్నయ్య కనపడితే ఎదురుగా నిలబెట్టి, నువ్వేనా అని అడిగి, అప్పుడు నొక్కుతాను. కనపడకపోతే దొంగ, వాడి మెసేజీ వాడి మొహాన కొట్టి తిరిగొస్తాను. షట్టరు దించి తాళం వేశాను, నేను చేసిన తాళం, దీన్ని మెత్తగా తిప్పగలిగే చెయ్యి ఈ ఊళ్ళో నాది కాక ఇంకొక్కటే ఉంది. "ఎక్కడికే?" అంది పిన్ని. "గాలికి" అన్నాను. నిజం చెబితే ఆవిడ ఎర్ర దీపం కథ మళ్ళీ మొదలుపెడుతుంది.

బస్సులో అందరివీ ఒకే రంగు చొక్కాలు, అందరి తలలూ ఫోన్లలోకి వంగి. నా పక్కన కూర్చున్న పిల్ల తన చుక్కల బొమ్మను పదే పదే తెరిచి చూసుకుంటోంది, నాన్న టికెట్టును వెలుతురుకెత్తినట్టే, పాపం దీనికీ నమ్మకం లేదు. "బ్యాటరీ అయిపోతే ఏం చేస్తారమ్మా?" అని అడిగాను. "అలాంటి మాటలు అనకండి ఆంటీ" అంది హడలిపోతూ. ముందు సీట్లో ఒకాయన పెళ్ళాంతో, టికెట్లు కొనడానికి ఫోన్లో క్యూ కట్టానని, తన ముందు ఊరంత జనం ఉన్నారని, కదలకుండా రాత్రి భోజనం కూడా ఫోను ముందే చేశానని చెబుతున్నాడు. క్యూ కట్టాడట! పక్కవాడి చెమట వాసన లేని క్యూ, ముందువాడు నిజంగా ఉన్నాడో లేదో తెలియని క్యూ. వాళ్ళే అంకెలు వేసి, వాళ్ళే తగ్గించి, చివర్లో అయిపోయాయి అంటే ఎవరి కాలరు పట్టుకుంటాం? ఆయన మాత్రం చాలా సంతోషంగా ఉన్నాడు. మోసపోనివాళ్ళంతా ఇంత సంతోషంగా ఉంటారా, లేక మోసపోయామని తెలియనివాళ్ళా? నా వెనక ఎవడో నిలబడి ఉన్నాడు, నా ఫోన్లోకే చూస్తున్నట్టుంది, అద్దాన్ని గుండెకు ఆనించుకున్నాను. ఎదురుగా ఇంకో బస్సు వస్తోంది, ఊళ్ళోకి పోయేది, ఈ వేళప్పుడు అటు పోయేవాళ్ళెవరు, దాదాపు ఖాళీ, కిటికీ పక్కన ఒక్కడో ఇద్దరో. మా రెండు బస్సులూ ఒకదానికొకటి హారన్లు కొట్టుకున్నాయి.

అన్నయ్య అక్కడ ఉంటే ఏమనాలి? ముందు నేను మాట్లాడితే నేను ఓడినట్టు. తను మాట్లాడితే, ఏం మాట్లాడినా, ఎందుకిప్పుడు అనిపిస్తుంది నాకు, తెలుసు. ఎందుకిప్పుడు? ఇన్నేళ్ళు లేనిది? ఆ అంకెల తాళాల కొట్టు దివాలా తీసిందా, నా కొట్టులో వాటా గుర్తొచ్చిందా, వదినతో గొడవా? చూడు, నా బుద్ధి ఎటు పోతోందో. ఎవరో వచ్చి తలుపు కొడితే, ఎందుకు కొట్టారో అని ముందు కిటికీలోంచి చూసే బుద్ధి. తను మనసు విప్పి రమ్మని పిలిచాడేమో, మామూలుగా, చెల్లెలు కదా అని. ఆ మాట అనుకోగానే మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను, బస్సులో జనం ముందు, ఛీ. నాకు తను కావాలి. అదీ సంగతి. ఆ బల్లకు రెండో పక్క ఎవరూ లేక, ఇన్నేళ్ళుగా నేను పని చేస్తూ ఒక్కదాన్నే మాట్లాడుకుంటున్నాను, గిరాకీలు నాకు పిచ్చి అనుకుంటున్నారు.

స్టేడియం గోడలో కౌంటరు కన్నాలు లేవు. పూడ్చేశారు, పైన సున్నం, దాని మీద షాంపూ ప్రకటన, ఒక అమ్మాయి జుట్టు ఎగరేస్తూ నవ్వుతోంది. గేటు దగ్గర ఇంకో అమ్మాయి, చేతిలో మిషను, ఒక్కొక్కరి ఫోనుకూ ఆనిస్తోంది, కిచ్, కిచ్, ఆకుపచ్చ, ఆకుపచ్చ. నేను మొహాలు వెతుకుతున్నాను. పొడుగువాళ్ళందరి వెనకా వెళ్ళి ముందుకొచ్చి చూస్తున్నాను, ఒకాయన భయపడి జేబు పట్టుకున్నాడు. ఈ గేట్లో లేడు, తూర్పు గేటు ఇదొక్కటే, లోపలికి వెళ్ళిపోయాడా, అసలు రాలేదా, అసలు లేడా?

"టికెట్టు చూపించండి" అంది గేటమ్మాయి.

"ఇది పంపిందెవరో చెప్పగలవా అమ్మా?"

"మీరు నొక్కితే పేరు వస్తుందండీ."

"నొక్కాక వస్తే ఏం లాభం? నొక్కాలో వద్దో తెలియడానికే కదా పేరు."

ఆ పిల్ల నా వంక జాలిగా చూసింది. "ఇంకెంతోసేపు లేదండీ, ఆట మొదలవుతోంది. కాస్త పక్కకు జరగండి."

పక్కకు జరిగాను. జనం పలచబడ్డారు. పరిగెత్తేవాళ్ళు పరిగెత్తుతున్నారు. లోపల మైకులో ఆటగాళ్ళ పేర్లు పిలుస్తున్నారు, ఒక్కో పేరుకూ హోరు. తను లోపల ఉంటే ఈపాటికి నా సీటు మీద చొక్కానో సంచీనో పెట్టి, వచ్చినవాడికల్లా, మా చెల్లెలు వస్తోందండీ అని చెబుతూ ఉంటాడు. ఎవరికి చెప్పాడో, ఏం చెప్పాడో, నేనే కల్పించుకున్నాను, అయినా ఆ మాట తన గొంతుతోనే వినపడింది, మా చెల్లెలు వస్తోందండీ. చాలు. దొంగ అయితే అయ్యాడు. నా దగ్గర ఏముందని దోచుకుపోతాడు, అరిగిపోయిన ఆకురాళ్ళూ, మా ఆయన బేకరీ రొట్టెలూ! నాన్నా, నువ్వు నన్ను క్షమించు, యజమాని ఎదురుగా లేడు, అయినా తీస్తున్నాను. నొక్కాను.

నొక్కితే తెరుచుకుందా? లేదు. ముందు ఖాతా తెరవాలట. పేరు అడిగింది, ఇచ్చాను. పుట్టినరోజు అడిగింది, ఇచ్చాను. నేను మనిషినేనా అని అడిగింది, బొమ్మల్లో సైకిళ్ళు ఎక్కడున్నాయో చూపించమంది, చూపించాను, ఒకదాని చక్రం పక్క గడిలోకి పోయింది, అది లెక్కా కాదా, మళ్ళీ మొదటినుంచి. పాస్‌వర్డ్ పెట్టుకోమంది. పెట్టాను. మీ పాస్‌వర్డ్ బలహీనంగా ఉంది, అంది. తాళాలు చేసి బతికేదాన్ని పట్టుకుని, నీ తాళం బలహీనం అంది! ఏడవాలో నవ్వాలో తెలియక ఇంకోటి పెట్టాను, అంకె కావాలంది, అంకె పెట్టాను, గుర్తేదో కావాలంది, వేళ్ళు తడబడుతున్నాయి, లోపల ఈల మోగింది. స్టేడియం అంతా ఒక్కసారి లేచి నిలబడ్డ చప్పుడు. అద్దం మీద గడి బూడిదరంగుకు మారిపోయింది. గడువు ముగిసింది. టికెట్టు పంపినవారికి తిరిగి వెళ్ళింది. పంపినవారి పేరు చెప్పనేలేదు.

గేటమ్మాయి మిషను కిందకు దించి నీళ్ళు తాగుతోంది. నేను షాంపూ గోడకు ఆనుకుని నిలబడ్డాను. లోపల ఖాళీ సీటు, దాని పక్కన అన్నయ్య, అదే కనపడుతోంది. ఫోను మోగింది. పిన్ని.

"ఎక్కడ చచ్చావే? నీ కొట్టు ముందు ఎవడో నిలబడ్డాడు. చాలాసేపట్నుంచీ. నీ తాళం వంకే చూస్తున్నాడు, పోనూ పోడు, మాట్లాడనూ మాట్లాడడు. పోలీసులకు ఫోన్ చెయ్యనా?"

"ఎలా ఉన్నాడు పిన్నీ?"

"పొడుగ్గా. నెత్తిన నాలుగు వెంట్రుకలు. జేబుల్లో చేతులు పెట్టుకుని పెద్ద కలెక్టరులా."

"ఫోను ఆయనకివ్వు" అన్నాను. అటు పిన్ని గొణుగుడు, చెప్పుల చప్పుడు, తర్వాత ఊపిరి. ఆ ఊపిరి నాకు తెలుసు.

"పంపింది నువ్వేనా?" అన్నాను.

"నా ఫోన్లో ఇంకా తీసుకోలేదు, తీసుకోలేదు అనే చూపిస్తూ వచ్చింది. నువ్వు నొక్కవని తెలుసు. ఎదురుగా నిలబడితే గాని నొక్కవు. అందుకే గేటు దగ్గర్నుంచి వచ్చేశా. నువ్వెక్కడే?"

"గేటు దగ్గర. నువ్వు ఎదురుగా ఉంటే నొక్కుదామని."

తను ముక్కుతో నవ్వాడు, నాకూ వచ్చింది, ఇద్దరం ఒకే తండ్రి పిల్లలం, ఒకే పాఠం, ఆయన ఇప్పుడుంటే చెరో మొట్టికాయా వేసేవాడు. "ఆట మొదలైందా?" అన్నాడు. "అయింది" అన్నాను. "పోన్లే" అన్నాడు. ఎండలో నిలబడి ఉంటాడు, ఈ వేళకు ఎండంతా నా కొట్టు గుమ్మంలోనే పడుతుంది.

"బయటెందుకు? తాళం తీసుకుని లోపల కూర్చో. పిన్నినడిగితే తీగముక్కేదైనా ఇస్తుంది, నీకెంతసేపు పని?"

"వద్దులే. ఇక్కడే ఉంటా."

నాకు మళ్ళీ బుస్సుమంది. "ఏం, నా కొట్టులో అడుగుపెట్టడానికి నామోషీనా?"

"అది కాదే." పక్కన పిన్ని వింటోందేమో, గొంతు తగ్గింది. "నా వల్ల కాదు. చేతులు వణుకుతాయి."

"ఎప్పట్నుంచి?"

"నాన్న ఉన్నప్పట్నుంచే. మొదట్లో కొంచెం. తర్వాత తాళం లోపల ఏం తగులుతోందో తెలిసేది కాదు. ఆ అంకెల తాళాలైతే పెట్టెలోంచి తీసి ఇవ్వడమే కదా, అందుకే అందులోకి పోయా. ఇప్పుడు గ్లాసు కూడా నిలవట్లేదు. దాచలేకపోతున్నా. నీకు ఇంకెవరో చెప్పకముందే నేనే చెబుదామని, ఆట వంకన పిలిచా."

గోడ చల్లగా ఉంది. లోపల ఏదో జరిగింది, గోల్ పడైనా ఉండాలి, తప్పిపోయైనా ఉండాలి, జనం అరుస్తున్నారు. నేను రెండో చెవి మూసుకున్నాను.

"నాకెందుకు చెప్పలేదు అన్నయ్యా?"

"చెబితే నమ్మేదానివా?"

నమ్మేదాన్ని కాదు. పని ఎగ్గొట్టడానికి నాటకం అనేదాన్ని, డాక్టరు కాగితం చూపించమనేదాన్ని, చూపిస్తే వెలుతురుకెత్తి చూసేదాన్ని. తనకు ఆ సంగతి నాకంటే బాగా తెలుసు. "లేదు" అన్నాను, "నమ్మేదాన్ని కాదు." నడవడం మొదలుపెట్టాను. ఆలస్యంగా వచ్చినవాళ్ళు ఫోన్లు పైకెత్తి నాకెదురుగా పరిగెత్తుతున్నారు, నేను వాళ్ళ మధ్యలోంచి బస్సుల వైపు దారి చేసుకుంటున్నాను, కళ్ళు సరిగా కనపడక ఒకరిద్దరికి తగిలాను.

"ఉంటా మరి, పిన్నిగారి ఫోను" అన్నాడు తను.

"పెట్టెయ్యకు. నేను వచ్చేదాకా ఏదో ఒకటి చెబుతూనే ఉండు. ఏం చెప్పినా నమ్ముతాను."